సూత్రం కంటే ముందు గ్రాఫు

భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పదో తరగతి లెక్కలు ఒక్కోసారి భాష దగ్గరే ఆగిపోతాయి. అమ్మానాన్నలు చదివింది ‘వర్గ సమీకరణం’. హిందీ మీడియం పిల్లలకు అదే ‘ద్విఘాత్ సమీకరణ్’, ఇంగ్లిష్ మీడియం వారికి ‘క్వాడ్రాటిక్ ఈక్వేషన్’. పేర్లు మూడైనా గ్రాఫు ఒక్కటే. అందుకే సూత్రంతో కాక గ్రాఫుతో మొదలుపెడితే, ఏ మీడియంలో చదివిన పెద్దలైనా పిల్లల పక్కన కూర్చుని చెప్పవచ్చు.

క్వార్టర్ పెరట్లో కూరగాయల మడి చుట్టూ వేయడానికి 20 మీటర్ల కంచె ఉందనుకుందాం. మడి దీర్ఘచతురస్రం. పొడవు, వెడల్పు కలిపి 10 మీటర్లు. కాబట్టి,

వైశాల్యం = పొడవు × (10 − పొడవు)

పొడవు 1, 2, 3, 4, 5 మీటర్లయితే వైశాల్యం వరుసగా 9, 16, 21, 24, 25 చదరపు మీటర్లు. ఆ తర్వాత 6, 7, 8, 9కి మళ్లీ 24, 21, 16, 9. సరళరేఖలో పెరుగుదల ఎప్పుడూ సమానం. ఇక్కడ పెరుగుదల 7, 5, 3, 1 అంటూ ప్రతిసారీ 2 తగ్గుతోంది. వర్గ ప్రమేయానికి గుర్తు ఇదే.

ఈ బిందువులను గ్రాఫు కాగితంపై గుర్తించి, స్కేలు వాడకుండా చేత్తో నున్నగా కలపమనండి. బోర్లించిన గిన్నెలాంటి వంపు వస్తుంది. అదే పరావలయం. పొడవు 5 దగ్గర కాగితం మడిస్తే రెండు సగాలూ సరిగ్గా ఒకదానిపై ఒకటి పడతాయి.

ఇప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. వైశాల్యం 21 కావాలంటే? ఆ ఎత్తులో గీసిన అడ్డగీత వంపును 3, 7 దగ్గర ఖండిస్తుంది. 25 కావాలంటే? శిఖరాన్ని ఒక్కచోట తాకుతుంది. 30 కావాలంటే? వంపును తాకనే తాకదు. అంత మడి ఈ కంచెతో కుదరదు. పుస్తకంలోని విచక్షణి చెప్పేదీ ఇదే. ఈ మూడు సందర్భాల్లో దాని విలువలు 16, 0, −20. రెండు మూలాలు, సమాన మూలాలు, వాస్తవ మూలాలు లేకపోవడం అనే మాటలు ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

మన కౌంటరు లెక్కలోనూ ఈ వంపు ఉంది. ఏడాదికోసారి చక్రవడ్డీ కట్టే డిపాజిట్‌లో రూ.10,000 రెండేళ్లకు రూ.12,100 అయితే వడ్డీ రేటెంత? సొమ్ము = 10,000 × (1 + రేటు)². వర్గం ముందు ధన సంఖ్య ఉంది కనుక ఈసారి గిన్నె నిటారుగా ఉంటుంది. దాని అడుగు −100 శాతం దగ్గర. రూ.12,100 ఎత్తులో గీసిన గీత అక్కడి నుంచి అటూఇటూ 110 దూరంలో, అంటే 10 శాతం, −210 శాతం దగ్గర వంపును ఖండిస్తుంది. సూత్రం రెండు జవాబులూ ఇస్తుంది. వాటిలో డిపాజిట్‌కు వర్తించేది 10 శాతమేనని ఎంచుకోవలసింది విద్యార్థి. పిల్లలకు నేర్పవలసిన అసలు లెక్క ఆ ఎంపికే.