మసూరి అన్నం వెనక మలయా పల్లె

మన కంచంలో అన్నానికి ఒక ఆడమనిషి పేరుంది. సోనా మసూరి అంటాం, సాంబ మసూరి అంటాం, బస్తా మీద అచ్చు చూసి బేరమాడతాం. ఆ మసూరి ఎవరని మాత్రం అడగం. ఆమె అసలు పేరు మహ్సూరి. మలేసియా వాయవ్య మూలన లంకావి దీవిలో ఒక పల్లెటూరి ఇల్లాలు. మొగుడు యుద్ధానికి పోయిన సమయంలో ఊరిపెద్ద పెళ్లాం ఈర్ష్యతో ఆమె మీద రంకు కట్టిందనీ, చెట్టుకు కట్టి పొడిస్తే తెల్లని నెత్తురు కారిందనీ, పోతూపోతూ ఏడు తరాల దాకా ఈ దీవి బాగుపడదని ఆమె శపించిందనీ కథ. 1821లో సయాం (నేటి థాయిలాండ్) సైన్యం లంకావి ఉన్న కెడా రాజ్యం మీద పడింది. శత్రువుకు గింజ దక్కకూడదని లంకావి జనం ధాన్యం తగలబెట్టేశారట. పడాంగ్ మాత్‌సిరాత్ అనే ఊళ్లో గట్టి వాన కురిసిన మర్నాడు నేలలోంచి మాడిన గింజలు పైకి తేలతాయని ఇప్పటికీ చూపిస్తారు.

ఈమె పేరు మన బియ్యానికి ఎలా వచ్చిందన్నది చివర్లో చెప్పుకుందాం. ఆ వరిని కన్న, నేడు మలేసియాలో భాగమైన మలయా పల్లెల్లో 1940 నుంచి 1970 దాకా ఏం జరిగిందో ముందు చూద్దాం.

★ మలయ్ భాషలో ఊరిని కాంపుంగ్ అంటారు. మనం ఇంటి చుట్టూ కట్టుకునే కాంపౌండు గోడలో ఉన్నది ఆ మాటేనని చాలామంది నిఘంటుకారుల అభిప్రాయం. సగ్గుబియ్యంలోని ‘సగ్గు’ వాళ్ల ‘సాగు’, ఒక రకం తాటిచెట్టు బోదె నుంచి తీసే పిండి. మన గిడ్డంగికీ వాళ్ల గుదాంగ్‌కీ కూడా చుట్టరికం ఉంది. ఇది మాత్రం ఇటు నుంచే అటు ఓడెక్కిందంటారు.

★ పాత మలయ్ ఇల్లు కొయ్య కాళ్ల మీద నిలబడుతుంది. పైన నిపా ఆకుల కప్పు, కింద కోళ్లు, సైకిళ్లు, కట్టెలు. మేకులు తక్కువ, చెక్కలో చెక్క దూర్చి బిగించడం ఎక్కువ. ఇల్లు మార్చాలంటే సామాను సర్దుకోనక్కర్లేదు. ఊళ్లో మగవాళ్లంతా వచ్చి కింద బొంగులు కట్టి, ఇంటినే ఎత్తి భుజాన వేసుకుని కొత్త చోటికి మోసేవాళ్లు. కూలీ లేదు, భోజనం ఉంటుంది. ఇంట్లో నడిమి భాగాన్ని రుమా ఇబు అంటారు, అంటే తల్లి ఇల్లు. మెట్ల దగ్గర నీళ్ల కూజా, కొబ్బరి చిప్ప గరిటె. కాళ్లు కడుక్కోకుండా పైకి వచ్చేవాడికి అక్కడా తిట్లే.

★ అప్పట్లో వరి కోతకు కొడవలి పనికిరాదు, కనీసం ముసలమ్మల లెక్కలో. కోసే పనిముట్టు పేరు తువాయ్. అరచేతిలో ఇమిడే చెక్క ముక్క, దాని అంచున సన్నని ఇనుప రేకు, అడ్డంగా ఒక వెదురు పుల్ల. వేళ్ల సందున పెట్టుకుంటే బయటికి కనపడదు. కంకిని వేలితో దగ్గరికి లాక్కుని రేకు మీద తెంపాలి, ఒక్కోసారి ఒక్కో కంకి. ఇంత దాపరికం ఎందుకంటే వరికి సెమంగాత్, అంటే ప్రాణం, ఉంటుందని నమ్మకం. కొడవలి తళతళ చూస్తే అది జడుసుకుని పొలం విడిచి పారిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఊకే. కోతకు ముందు ఏడు కంకులు తెంపి, గుడ్డలో పొత్తిళ్ల బిడ్డను చుట్టినట్టు చుట్టి, బుట్టలో పెట్టి ఇంటికి తెచ్చేవాళ్లు. ఆ ఇంటి ఇల్లాలు మూడు రోజులు బాలింత పథ్యాలు పాటించేది. వాల్టర్ స్కీట్ అనే ఇంగ్లీషు అధికారి సెలంగోర్‌లో ఈ తతంగమంతా కళ్లారా చూసి 1900లో పుస్తకంలో రాశాడు. యాభై ఏళ్ల తర్వాత కూడా తువాయ్‌లు చేతుల్లోనే ఉన్నాయి. మూఢనమ్మకమని నవ్వడం తేలికే. కానీ పాత వరి రకాల్లో కంకులన్నీ ఒక్కసారి పండవు. పండిన కంకిని ఏరి కోయడానికి, వాటిలోంచి మంచి విత్తనం పక్కన పెట్టడానికి ఇంతకంటే మేలైన పనిముట్టు ఏముంది? గుమ్మానికి వరి కుచ్చులు కట్టే మనకు ఇది కొత్తగా అనిపించకూడదు.

★ కెలంతాన్ తీరంలోని పెరుపోక్ అనే పల్లెలో చేపల్ని చెవితో పట్టేవాళ్లు. జట్టులో జురు సెలాం అనే ఒక పెద్దమనిషి ఉంటాడు. పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి దిగి, తల ముంచి వింటాడు. ఏ రకం చేప, గుంపు చిన్నదా పెద్దదా, ఎటు పోతోంది అన్నది చప్పుడును బట్టి చెబుతాడు. ఆయన చెయ్యి ఊపితే ఐదు పడవలు కలిసి వల దించుతాయి. చేపలు గుమికూడడానికి ముందే కొబ్బరి మట్టలు బరువు కట్టి నీళ్లలో వేలాడదీసి ఉంచుతారు. ఈ సంగతులు మనకు చేరడానికి కారణం రేమండ్ ఫర్త్ అనే మానవశాస్త్రవేత్త. 1939–40లో భార్య రోజ్‌మేరీతో కలిసి ఆ ఊళ్లో కాపురం పెట్టాడు. ఆయన పడవల లెక్కలు రాసుకుంటుంటే ఆవిడ వంటింటి లెక్కలు రాసింది. ఏ ఇంట్లో ఎంత బియ్యం, ఎంత ఉప్పుచేప, డబ్బు ఎవరి చేతిలో అంటూ. డబ్బు ఎక్కువగా ఆడవాళ్ల చేతిలోనే ఉండేదని తేలింది. సంతలో అమ్మేదీ వాళ్లే. ఆవిడ పుస్తకం 1943లో, ఆయనది 1946లో వచ్చాయి. నన్నడిగితే ముందు చదవాల్సింది ఆవిడదే. 1963లో దంపతులు మళ్లీ వెళ్లేసరికి మోటారు పడవలు, కొత్త రకం వలలు వచ్చేశాయి. ఇంజను మోతలో చెవి పెట్టి వినేదేముంది?

★ నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో తాతల నాటి పొలం కూతుళ్లకు దక్కుతుంది. అల్లుడే అత్తవారింటికి వచ్చి ఉండేవాడు. ఇస్లాం వారసత్వ నియమాలూ ఈ ఆచారమూ పక్కపక్కనే నడిచాయి. 1951లో రెంబావులో మతపెద్దలు దీన్ని మార్చాలని చూశారు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఆచారం నిలిచింది.

★ పసిఫిక్ యుద్ధం మొదలైంది హవాయిలో కాదు, ఒక మలయ్ తీరంలో. 1941 డిసెంబర్ 8న అర్ధరాత్రి దాటాక జపాన్ సైన్యం కోట బారు దగ్గర ఒడ్డుకు దిగింది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి ఇంకా గంటకు పైగా ఉంది. అక్కడ నుంచి దక్షిణానికి వాళ్లు వచ్చింది చాలావరకు సైకిళ్ల మీద. కొన్ని వెంట తెచ్చుకున్నవి, కొన్ని ఊళ్లలో లాక్కున్నవి. టైర్లు పగిలితే ఉత్త చక్రాల మీదే తొక్కారు. రాత్రిపూట ఆ ఇనుప గోల విని ట్యాంకులు వస్తున్నాయని అవతలి సైనికులు హడలిపోయారని చెబుతారు. ఊరివాడికి పోయింది మాత్రం సైకిలు.

★ మలయాను చేజిక్కించుకున్న కొత్త దొరలు గడియారాలను టోక్యో సమయానికి తిప్పమన్నారు, గంటన్నర ముందుకు. పల్లెలో దీని ప్రభావం తక్కువ. నమాజు వేళలు సూర్యుణ్ని బట్టి, పిలుపు మసీదు డోలును బట్టి. కోడిపుంజు టోక్యో మాట వినలేదు.

★ జపాన్ ముద్రించిన పది డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది. జనం దాన్ని దుయిత్ పిసాంగ్ అన్నారు, అరటి డబ్బు. రానురాను నోట్ల మీద వరస నంబరు కూడా వేయడం మానేశారు. 1945 ఆగస్టు తర్వాత అది పొయ్యి రాజేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

★ బర్మా బియ్యం ఆగిపోవడంతో మలయా తిన్నది కర్రపెండలం. పెరటిలో, బడి ఆవరణలో, ఎక్కడ పడితే అక్కడ నాటారు. పొద్దున ఉడికించి, మధ్యాహ్నం కాల్చి, రాత్రికి పిండి చేసి తిన్నారు. ఆ తరం పెద్దలకు ఆ దుంప పేరెత్తితే యుద్ధమే గుర్తొచ్చేది. మన సగ్గుబియ్యం ఇప్పుడు తయారయ్యేది దానితోనే. పేరు మలయా తాటిచెట్టుది, పిండి కర్రపెండలానిది. రబ్బరు తోటల్లోని భారతీయ కూలీల గతి ఇంకా ఘోరం. సయాం–బర్మా రైలుదారి పనికి వేలాది మందిని తోలుకుపోయారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ల మధ్య ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి నుంచి వలసపోయిన తెలుగువాళ్లూ ఉన్నారు.

★ 1946 ఏప్రిల్ 1న బ్రిటిషువాళ్లు సుల్తానుల అధికారాలు కత్తిరించి మలయన్ యూనియన్ పెట్టారు. మలయ్ మగవాళ్లు నల్ల టోపీలకు తెల్లగుడ్డ చుట్టుకుని వారం రోజులు సంతాపం పాటించారు. ఇల్లు దాటని ఆడవాళ్లు ఊరేగింపుల్లో నడిచారు. రెండేళ్లు తిరక్కుండానే 1948 ఫిబ్రవరిలో యూనియన్ రద్దయింది.

★ అదే ఏడాది జూన్‌లో కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరు మొదలై 1960 జులై దాకా సాగింది. ప్రభుత్వం దాన్ని యుద్ధం అనలేదు, ఎమర్జెన్సీ అంది. అడవిలో ఉన్నవాళ్లకు తిండి అందకుండా చేయాలన్నది వ్యూహం. అందుకని దుకాణంలో డబ్బా ఆహారం కొంటే అక్కడికక్కడే డబ్బాకు చిల్లు పొడిచి ఇచ్చేవారు, దాచుకుంటే పాడైపోవాలని. కొన్ని ప్రాంతాల్లో బియ్యం అమ్మకమే ఆపేసి, ఊరందరికీ ఒకచోట వండి అన్నం పంచారు. వండిన అన్నం అడవికి చేరేలోపు పులిసిపోతుందని లెక్క. ఈ పథకం వేసినాయన చద్దన్నం, తరవాణి రుచి ఎరిగినవాడు కాదు.

★ జోహోర్‌లో మూవార్ నది ఒడ్డున బుకిత్ కెపోంగ్ అనే ఊరుంది. అప్పట్లో రోడ్డు లేదు, పడవే గతి. 1950 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున గెరిల్లాలు అక్కడి కొయ్య పోలీస్‌స్టేషన్‌ను చుట్టుముట్టారు. లోపలివాళ్లు లొంగలేదు. మొగుళ్లు పడిపోతే పెళ్లాలు తుపాకులు అందుకున్నారు. చివరికి గెరిల్లాలు స్టేషన్‌కు నిప్పు పెట్టారు. చంపినవాళ్ల ఆశయాలేమైనా, చచ్చిపోయిన కానిస్టేబుళ్లు కూడా కాంపుంగ్ బిడ్డలే. ఆ యుద్ధం మీద రాసిన పెద్దపెద్ద పుస్తకాల్లో ఈ మాట తక్కువగా కనిపిస్తుంది.

★ 1955 జులైలో మొదటి సార్వత్రిక ఎన్నికలు. ఓటర్లలో నూటికి 84 మంది మలయ్‌లు. పడవ గుర్తున్న కూటమికి 52లో 51 సీట్లు వచ్చాయి. రెండేళ్లకు, 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం.

★ భూమి లేనివాళ్ల కోసం 1956లో ఫెల్డా అనే సంస్థ పుట్టింది. అడవి కొట్టి, తోట వేసి, ఇల్లు కట్టి కుటుంబానికి సుమారు పదెకరాలు అప్పగించడం అప్పట్లో దాని పని. పహాంగ్‌లోని లూరా బిలుత్ మొదటి కాలనీ. గ్రామీణాభివృద్ధి చూసిన మంత్రి తున్ రజాక్ ప్రతి జిల్లాకూ ఒక పెద్ద ఎర్ర పుస్తకం పెట్టించాడు. నిండా పటాలే. ఎక్కడ రోడ్డు, ఎక్కడ బావి, ఎక్కడ బడి అన్నీ గీసి ఉండాలి. గోడకు పటాలు తగిలించి పని నడిపే ఈ అలవాటు ఎమర్జెన్సీలో సైన్యం నుంచి నేర్చుకున్నదే.

★ అప్పట్లో కెలంతాన్ పల్లెల్లో రాత్రిళ్లు తోలుబొమ్మలాట. ఆడేవాళ్లు, చూసేవాళ్లు ముస్లింలు, ఆడేది రామాయణం. రావణుడు మహారాజా వానా, సీత సీతి దేవి. లక్ష్మణుడి పేరు ఎంత నచ్చిందంటే నౌకాదళంలో అడ్మిరల్‌ను నేటికీ లక్సమానా అనే పిలుస్తారు. మన ఆటలో కేతిగాడు ఉన్నట్టు వాళ్లకు పాక్ దోగోల్ ఉన్నాడు, బట్టతల హాస్యగాడు. ఒక్క తేడా ఏమిటంటే ఆ వేషంలో ఉన్నది దేవుడేనని నమ్మి ఆ బొమ్మను భక్తితో చూసుకుంటారు. కేతిగాడికి ఆ గౌరవం దక్కలేదు పాపం.

★ మరి దయ్యం? పోంతియానాక్. కాన్పులో పోయిన ఆడదాని దయ్యం, అరటిచెట్టు మీద కాపురం. మెడ వెనక మేకు దిగగొడితే మామూలు ఆడదవుతుందట. మన దగ్గర మేకు చింతచెట్టుకు కొడతారు, అంతే తేడా. 1957లో ఈ దయ్యం మీద సింగపూర్‌లో సినిమా తీసి డబ్బు చేసుకున్న దర్శకుడు ఇండియా నుంచి వెళ్లిన బి.ఎన్. రావు.

★ 1890లలో పహాంగ్‌లో బ్రిటిషువాళ్ల మీద కత్తి దూసిన మాత్ కిలావ్ చనిపోయాడని అప్పుడే పత్రికలు రాశాయి. 1969 డిసెంబర్ 26, శుక్రవారం. పులావ్ తవార్ ఊరి మసీదులో నమాజు ముగిశాక ఒక పండు ముసలాయన ఆ మాత్ కిలావ్‌ను నేనే అన్నాడు. ప్రభుత్వం కమిటీ వేసి విచారించి, 1970 ఆగస్టులో ఔనని ప్రకటించింది. పదిరోజులకు ఆయన కన్నుమూశాడు.

★ ఇప్పుడు మసూరి సంగతి. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పూనికతో కటక్ వరి పరిశోధన కేంద్రంలో తూర్పు దేశాల పొట్టి గుండ్రని వరినీ మన వైపు సన్న వరినీ కలిపే ప్రయత్నం జరిగింది. ఆ కార్యక్రమంలో తైవాన్ రకం తైచుంగ్ 65ను మాయాంగ్ ఎబోస్ 80 అనే మలయా వరితో రెండుసార్లు సంకరం చేశారు. అందుకే దానిలో మలయా పాలు ఎక్కువ. ఆ సంతతిని మలయాలో పెంచి, ఏరి, 1965లో మహ్సూరి పేరుతో రైతులకిచ్చారు. తర్వాత కెడాలో ముడా నీటి పథకం కింద 1970 నుంచి దాదాపు 96 వేల హెక్టార్లలో రెండో పంట మొదలైంది. పంటకూ పంటకూ నడుమ వ్యవధి లేనప్పుడు ఒక్కో కంకి తెంపుతూ ఎవరు కూర్చుంటారు? కొడవలి దిగింది. సెమంగాత్ ఏమైందో ఎవరూ రాయలేదు.

మహ్సూరి ఇండియాకు వస్తే ఎత్తుగా పెరిగి గాలికి పడిపోతుందని పరీక్షల్లో పక్కన పెట్టారంటారు. గింజ సన్నం, అన్నం రుచి. ఆంధ్రలో రైతు చేతి నుంచి రైతు చేతికి పాకిపోయింది. తమిళనాడులో పొన్ని అయింది. బాపట్లలో దాన్ని మరి రెండు రకాలతో కలిపి తీసిన బి.పి.టి. 5204 అనే సాంబ మసూరి 1986లో విడుదలైంది. పేరులోని ‘హ’ మాత్రం సముద్రం దాటుతూ ఎక్కడో జారిపోయింది.