మూడో పచ్చదీపం వెలగకపోతే?

శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. అందుకే పడమరన ఉన్న చందనవెల్లి వైపు నుంచి కూడా విమానాలు దిగడానికి వస్తుంటాయి. రన్‌వే ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా పైలట్ చక్రాలు దించే లివర్‌ను కిందికి లాగుతారు. చాలా విమానాల్లో అప్పుడు మూడు పచ్చదీపాలు వెలగాలి: ముక్కు కింద చక్రాలకు ఒకటి, రెండు రెక్కల వైపు చక్రాలకు చెరొకటి. చక్రం దిగి, గట్టిగా లాక్ పడితేనే దాని దీపం వెలుగుతుంది.

ఒకటి వెలగలేదు. చక్రం దిగలేదా? సెన్సర్ చెడిందా? బల్బే పోయిందా? కిందికి దిగుతూ తేల్చుకునే వ్యవహారం కాదిది. అందుకే ముందు విమానాన్ని మళ్లీ పైకి లేపుతారు. ఒకరు నడుపుతుంటే మరొకరు చెక్‌లిస్ట్ చూస్తారు.

ఈ పని పంపకం ఎందుకంత ముఖ్యం? 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ 401 విమానంలో ముక్కు చక్రం దీపం వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరి ధ్యాసా దాని మీదే. ఆటోపైలట్ ఎత్తును పట్టి ఉంచడం మానేసిన సంగతి ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగిపోయి చిత్తడి నేలలో కూలింది. 101 మంది చనిపోయారు. చక్రం నిజానికి దిగే ఉంది, మాడిపోయింది బల్బు! ఎంత బాధ కలిగించే విషయం!

చక్రం నిజంగానే దిగకపోతే? చక్రాలను పైన పట్టి ఉంచే లాక్‌ను విడిపించే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. దాన్ని వాడితే చాలా విమానాల్లో చక్రాలు సొంత బరువుతోనే కిందికి జారతాయి. ఈలోగా రన్‌వే పక్కన ఫైరింజన్లు సిద్ధంగా నిలబడతాయి.