ఇంటి బీరు తయారీలో పాత సీసాల పునర్వినియోగం

స్వంత అవసరానికి ఇంట్లో బీరు తయారుచేసుకొనేవారు, అంగడిలో కొన్న బీరు తాలూకు ఖాళీ సీసాలను శుభ్రపరచి తమ బీరును నింపుకొనడానికి తిరిగి వాడుకొంటారు. ఈ అలవాటు అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలలో ఎక్కువగా కనిపిస్తుంది. కొత్త సీసాల ఖర్చు తప్పుతుంది కనుక ఇది పొదుపైన పద్ధతి. అయితే నింపిన తరువాత సీసా లోపల వాయువు పుట్టి పీడనం పెరుగుతుంది. కనుక ఏ సీసా పనికివస్తుంది, ఏది పనికిరాదు అన్నది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, చేతులకూ కళ్ళకూ గాయాలు కాకుండా చూసుకొనే విషయం కూడా.

నేపథ్యం

బ్రిటన్‌లో ఇంటి బీరు తయారీకి లైసెన్సు అవసరం 1963లో తొలగిపోయింది. అమెరికాలో 1933లో మద్యనిషేధం రద్దయినా ఇంట్లో బీరు కాచుకొనడానికి మాత్రం అనుమతి రాలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ద్వారా ఆ అనుమతి లభించి, 1979 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండటం వలన మిసిసిపీ, అలబామా రాష్ట్రాలలో 2013 వరకు ఇది చట్టసమ్మతం కాలేదు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లైసెన్సు లేకుండా మత్తుపానీయాలు తయారుచేయడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. కనుక ఈ వ్యాసంలోని వివరాలు అనుమతి ఉన్న దేశాలకు చెందినవని పాఠకులు గమనించాలి.

సీసాలో జరిగే చర్య

పెద్ద పాత్రలో కిణ్వనం పూర్తయిన బీరులో నురగ, బుడగలు దాదాపుగా ఉండవు. అందువలన సీసాలలో నింపే ముందు దానికి కొద్దిగా పంచదార కలుపుతారు. బీరులో మిగిలి ఉన్న ఈస్ట్ ఆ పంచదారను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) విడుదల చేస్తుంది. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగడానికి కారణం కూడా ఇటువంటి కిణ్వనమే. కాకపోతే పిండిగిన్నె మీది మూత వాయువును ఆపదు. సీసా మూత ఆపుతుంది. బయటకు పోయే దారి లేక వాయువు బీరులోనే కరిగిపోతుంది. ఇందుకు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు రెండు వారాలు పడుతుంది.

సాధారణంగా 19 లీటర్ల బీరుకు 110 గ్రాముల పంచదార సరిపోతుంది. ఆ బీరుకు 355 మిల్లీలీటర్ల అమెరికన్ సీసాలు 53 వరకు కావాలి. అంటే ఒక్కొక్క సీసాకు రెండు గ్రాములు, సుమారు అర చెంచాడు. ఇంత తక్కువ పంచదారతోనే సీసాలోని పీడనం వాతావరణ పీడనానికి దాదాపు మూడు రెట్లవుతుంది. కారు టైరులో మనం నింపే గాలి పీడనం కూడా ఇంచుమించు ఇంతే. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే, వాయువు ద్రవంలో కరిగే శక్తి తగ్గి, అదే సీసాలో పీడనం నాలుగు రెట్లు దాటుతుంది. మన గోలీసోడా సీసాను అంత దళసరి గాజుతో చేయడానికి కారణం ఈ పీడనమే.

సీసాల ఎంపిక

ఓపెనరుతో తీయవలసిన మూత గల సీసా అన్నిటికంటె మేలు. అంచు మడతలతో ఉండే ఈ క్రౌన్ మూతను బాల్టిమోర్ నగరానికి చెందిన విలియం పెయింటర్ రూపొందించి 1892లో పేటెంటు పొందాడు. మొదట 24 మడతలుండేవి, ఇప్పుడు 21 ఉంటున్నాయి. కొత్త మూతలు చౌకగా దొరుకుతాయి. చేతితో నొక్కే చిన్న యంత్రంతో వాటిని బిగించవచ్చు. ఆ యంత్రపు దవడలు సీసా మూతి కింద ఉండే గాజు పట్టీని పట్టుకొంటాయి. ఆ పట్టీ మరీ సన్నగా ఉన్నా, మెడ మరీ పొట్టిగా ఉన్నా మూత సరిగా కూర్చోదు. ఐరోపా సీసాలు కొన్నింటికి 26 మిల్లీమీటర్ల మామూలు మూత కాక 29 మిల్లీమీటర్లది కావాలి.

చేతితో తిప్పి తీసే మూతల సీసాలకు మూతి దగ్గర మరలు ఉంటాయి. చేతియంత్రం మూతను ఈ మరల మీద సమంగా బిగించలేదు. వాయువు మెల్లగా జారిపోయి బీరు చప్పబడవచ్చు, బిగించేటప్పుడు మూతి విరగవచ్చు. వీటిని వాడి సఫలమైనవారు లేకపోలేదు గాని, మంచి సీసాలు ఉచితంగా దొరుకుతుండగా వీటితో కుస్తీ పట్టడం అనవసరం. తీగ కొక్కెంతో మూసే సీసాలకు యంత్రమే అక్కరలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన గ్రోల్ష్ బీరు సీసా ఇందుకు ప్రసిద్ధి. వీటి రబ్బరు వలయాన్ని మాత్రం అప్పుడప్పుడు మార్చాలి.

రంగు విషయానికి వస్తే గోధుమరంగు గాజు ఉత్తమం. హాప్స్ పూలనుండి బీరులోకి వచ్చే చేదు పదార్థాలు వెలుతురు సోకినప్పుడు విచ్ఛిన్నమై, గంధకం గల ఒక దుర్వాసన పదార్థంగా మారతాయి. ఉత్తర అమెరికాలోని స్కంక్ అనే జంతువు చిమ్మే ద్రవం వాసనను అది గుర్తుకు తెస్తుంది. గోధుమరంగు గాజు ఈ హాని చేసే కాంతిని చాలావరకు అడ్డుకొంటుంది. ఆకుపచ్చ గాజు కొద్దిగానే అడ్డుకొంటుంది, తెల్లగాజు ఆపాటి రక్షణ కూడా ఇవ్వదు. అటువంటివి వాడవలసివస్తే చీకటి గదిలో ఉంచాలి.

శుభ్రపరచడం

తాగిన వెంటనే సీసాను నీటితో కడిగి బోర్లించడం సగం పని. అడుగున బీరు ఎండిపోతే బూజు పడుతుంది. దాన్ని వదిలించడానికి బ్రష్షు కావాలి. చాకలిసోడా లేదా సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెడితే కాగితపు లేబుళ్ళు చాలావరకు వాటంతట అవే ఊడివస్తాయి. గాజు మీదనే ముద్రించిన అక్షరాలు పోవు, వాటివల్ల నష్టమూ లేదు.

శుభ్రత వేరు, క్రిమిరహితం చేయడం వేరు. మురికి ఉన్న సీసాలో ఏ మందు పోసినా క్రిములు పూర్తిగా చావవు. కడిగిన తరువాత, నింపే రోజున, ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా అయోడిన్ ఆధారంగా చేసిన ద్రావణంలో ముంచి నీరు ఓడనిస్తారు. ఓవెన్‌లో 170 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచే పద్ధతి కూడా ఉంది. సీసాలను చల్లని ఓవెన్‌లో పెట్టి మెల్లగా వేడిచేసి, మెల్లగానే చల్లార్చాలి. పదేపదే ఇలా చేస్తే గాజు బలహీనపడే అవకాశముంది కనుక ద్రావణమే మేలు.

పగిలే ప్రమాదం

సీసాలు పేలడానికి ముఖ్య కారణం కిణ్వనం ముగియకముందే నింపడం. హైడ్రోమీటర్ కొలత వరుసగా రెండు మూడు రోజులు మారకుండా ఉంటేనే నింపాలి. సాంద్రత ఇంకా 0.001 తగ్గవలసి ఉన్నదంటే, ప్రతి లీటరు బీరులోనూ సుమారు అర లీటరు వాయువు అదనంగా పుడుతుంది. పంచదారను ఎక్కువగా వేయడం, సరిగా కలపకపోవడం మరి రెండు కారణాలు. నాలుగవది సరిగా కడగని సీసాలో దాగిన అడవి ఈస్ట్. మామూలు ఈస్ట్ వదిలేసిన పిండిపదార్థాలను కూడా అది నెమ్మదిగా తింటూ, వారాల తరువాత కూడా వాయువును పుట్టిస్తూనే ఉంటుంది.

కర్మాగారాలలో తిరిగివచ్చిన సీసాలను యంత్రాలు పరీక్షిస్తాయి. ఇంట్లో ఆ పని కంటితోనే జరగాలి. ప్రతి సీసానూ దీపానికి ఎదురుగా తిప్పి చూసి, బీటగాని, గీతగాని, మూతి వద్ద పెచ్చుగాని కనిపిస్తే పారవేయాలి. పెచ్చు లేచిన మూతి నుండి గాజు రవ్వలు బీరులో పడవచ్చు.

నింపిన సీసాలను మూత ఉన్న పెట్టెలో, చల్లని చోట ఉంచాలి. ఒక సీసా పేలిందంటే అదే విడతలోని మిగతావి కూడా పేలే స్థితిలో ఉన్నాయని భావించాలి. వాటిని ఉత్త చేతులతో తాకరాదు. దళసరి దుప్పటి కప్పి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ధరించి, బాగా చల్లబరచిన తరువాతనే ఒక్కొక్కటిగా మూత తీయాలి.

భారతదేశంలో

మన దేశంలో సాధారణంగా కనిపించే 650 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాలు పాత సామాన్లు కొనేవారి ద్వారా తిరిగి బీరు కర్మాగారాలకు చేరి, క్షార ద్రావణంతో కడగబడి మళ్ళీ నింపబడుతుంటాయి. ఇలా తిరిగిన సీసాల పక్కలు ఒకదానికొకటి రాసుకొని తెల్లని పట్టీలుగా అరుగుతాయి. సీసా ఎన్నో చేతులు మారిందనడానికి ఈ అరుగుదలే గుర్తు.