చెకింగ్ చూసి యూ టర్న్ కొట్టే పిల్లలు



పోయిన నెల తొమ్మిదో తరగతిలో ఇంగ్లిష్ పీరియడ్ అయిపోగా ఐదు నిమిషాలు మిగిలితే, ఏదైనా అడగండి అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక బాబు లేచాడు. "మేడమ్, ట్రాఫిక్ పోలీస్ కొడితే మనం తిరిగి కొట్టొచ్చా? సెల్ఫ్ డిఫెన్స్ కదా?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం జవాబు తెలియదు. రేపు చెప్తానని, మీలో బండి నడిపేవాళ్లెవరని అడిగాను. సగం చేతులు లేచాయి. చెకింగ్ కనిపిస్తే ఏం చేస్తారంటే అందరిదీ ఒకటే మాట: "యూ టర్న్ కొట్టి వెళ్లిపోతాం మేడమ్."

తిరిగి కొట్టడం సంగతి అలా ఉంచి, ముందు నన్ను భయపెట్టింది ఆ యూ టర్న్. మన రాజీవ్ రహదారి గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకవైపు బొగ్గు లారీలు, ఇంకోవైపు బూడిద ట్యాంకర్లు. ఆ రోడ్డు మీద పద్నాలుగేళ్ల పిల్లవాడు స్కూటీని రాంగ్ రూట్లో తిప్పితే, వాడికి ఎదురయ్యేది పోలీసు కాదు, లారీ.

పారిపోయేవాళ్లను పోలీసులు వెంటపడితే ఏమవుతుందో కూడా చూశాం. 2018 మార్చిలో తమిళనాడులోని తిరుచ్చి దగ్గర, హెల్మెట్ చెకింగ్‌లో ఆగకుండా వెళ్లిన జంటను ఒక ఇన్‌స్పెక్టర్ వెంబడించి బండిని తన్నాడు. వెనక కూర్చున్న భార్య కిందపడి చనిపోయింది. ఇన్‌స్పెక్టర్ అరెస్టయ్యాడు. హెల్మెట్ కోసం బండ్లను వెంటాడవద్దు, కెమెరాలు వాడండి అని 2019 నవంబర్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. చెప్పిన కొద్ది రోజులకే ఆ రాష్ట్రంలోని కడక్కల్‌లో ఒక పోలీసు నడుస్తున్న బైక్ మీదికి లాఠీ విసిరాడు. బైక్ వెళ్లి కారును గుద్దుకుంది, కుర్రాడు గాయపడ్డాడు, పోలీసు సస్పెండయ్యాడు. మన తెలుగు వాళ్లలోనూ జరిగింది. 2020 జులైలో ప్రకాశం జిల్లా చీరాలలో మాస్క్ లేదని బైక్ ఆపారు. మాటా మాటా పెరిగింది. ఆ యువకుడు తలకు దెబ్బ తగిలి నాలుగైదు రోజుల్లో గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టారని ఇంటివాళ్లు అన్నారు. ఎస్ఐని సస్పెండ్ చేశారు. హెల్మెట్, మాస్క్ లాంటి జరిమానాతో పోయే విషయాలకు రెండు ప్రాణాలు పోయాయి.

ఇంతకీ పోలీసుకు ఉన్న అధికారం ఎంత? యూనిఫాంలో ఉన్న పోలీసు ఆపి లైసెన్స్ అడిగితే చూపించాలి. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ఆ మాటే అంటుంది. డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో చూపించినా చెల్లుతుంది. లైసెన్స్ లేకుండా, వయసు రాకుండా నడిపితే 207వ సెక్షన్ కింద బండిని పట్టుకుని ఉంచవచ్చు. అరెస్టుకు ఎవరైనా బలంగా ఎదురుతిరిగితే లొంగదీయడానికి అవసరమైనంత బలం వాడవచ్చు, పారిపోకుండా ఆపడానికి కావాల్సిన దానికంటే ఎక్కువ కట్టడి కుదరదు. ఇవి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43, 46 సెక్షన్లు. అంతే. హెల్మెట్ లేనందుకు శిక్షగా కొట్టమని ఏ సెక్షనూ చెప్పదు. బండి తాళం లాక్కోవచ్చని కూడా ఎక్కడా రాసి లేదు. మనం ఇది రోజూ చూస్తుంటాం కాబట్టి మామూలే అనుకుంటున్నాం.

ఇప్పుడు ఆ బాబు ప్రశ్న. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34వ సెక్షన్‌తో మొదలవుతుంది. గొలుసు దొంగ మీద పడితే, ఎవరైనా అమ్మాయి మీద చెయ్యి వేస్తే, కాపాడుకోవడానికి అవసరమైనంత మేర ఎదిరించవచ్చు. కానీ 37వ సెక్షన్ ఒక గీత గీసింది. ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీ పేరుతో సదుద్దేశంతో చేసిన పని, చట్టప్రకారం పూర్తిగా సరికాకపోయినా, చావు లేదా తీవ్రమైన గాయం భయం కలిగించనంతవరకు దానిమీద ఆత్మరక్షణ హక్కు లేదు. అంటే "నా బండి ఆపడమే తప్పు" అని పోలీసును నెట్టేసే హక్కు మనకు లేదు. నెడితే 132వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు, గాయపరిస్తే 121 కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. నిజంగా ప్రాణం మీదికి వస్తే హక్కు ఉంది. అప్పుడు కూడా అది కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకే. దెబ్బకు దెబ్బ తీర్చుకోవడాన్ని చట్టం ఆత్మరక్షణ అనదు.

ఆ సెక్షన్‌లోనే ఆడపిల్లల తల్లులకు పనికొచ్చే మాట ఒకటుంది. ఎదుటి మనిషి ప్రభుత్వ ఉద్యోగి అని తెలిస్తేనే, లేదా తెలుసుకునే వీలుంటేనే ఆ గీత వర్తిస్తుంది. చీకట్లో మఫ్టీలో ఎవరో బండికి అడ్డం వచ్చి పోలీసునంటే ఐడీ కార్డు అడగండి. వెలుతురు, జనం ఉన్న చోటికి వెళ్లి 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి.

ఆత్మరక్షణ హక్కు పోలీసులకూ ఉంది, వాళ్లకూ హద్దులున్నాయి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు నేను హాస్టల్‌లో ఉన్నాను. మేమూ స్వీట్లు పంచుకున్నాం. ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న వాదన నమ్మేలా లేదని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చాకే నేను రెండోసారి ఆలోచించాను. శిక్ష కోర్టులోనే పడాలన్న నియమం ఆ కేసుకూ, మన చౌరస్తాలో లాఠీ దెబ్బకూ ఒకటే.

నిజంగా పిల్లవాణ్ణి కొడితే ఏం చేయాలి? రోడ్డు మీద గొడవ వద్దు. పేరు పట్టీ మీది పేరు, స్థలం, టైమ్ గుర్తుపెట్టుకోమనండి. అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో చూపించి, గాయాలు రాయించి కాగితం తీసుకోండి. ఫిర్యాదు రామగుండం పోలీస్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు, మానవ హక్కుల కమిషన్ ఉంది. కమిషన్‌కైతే ఏడాదిలోపే వెళ్లాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను ఏ కారణంతోనూ లాకప్‌లో పెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. తల్లిదండ్రులకు కబురు చేయడం కూడా వాళ్ల బాధ్యతే.

ఇక మనం వినడానికి ఇష్టపడని సెక్షన్ 199ఏ. మైనర్ బండి నడిపి తప్పు చేస్తే శిక్ష తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్స్ రాదు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకుంటారు, ట్యూషన్‌కు దింపేవాళ్లుండరు, తాళం ఇచ్చేస్తారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. అయినా తాళం ఇచ్చింది మనమే కదా.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పి, పోలీసు చెయ్యెత్తితే పక్కకు ఆపి, ఇంజన్ ఆపి, తప్పుంటే ఒప్పుకోండి అన్నాను. ఆ బాబు మళ్లీ లేచాడు. "ఆగితే మా డాడీకి ఫోన్ చేస్తారు మేడమ్. డాడీ కొడతాడు. అందుకే ఆగం."

ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు. దీనికి జవాబు నా దగ్గర లేక మీకు రాస్తున్నాను.