బందరు దుబాసీల వారసుడు సి.కె. నాయుడు

మచిలీపట్నం: భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్ట్ కెప్టెన్ కర్నల్ సి.కె. నాయుడును నాగపూర్ వారు మావాడంటారు, ఇండోర్ వారూ మావాడంటారు. మరి బందరు వారో? సాక్ష్యంగా చూపడానికి ఇంటిపేరు తప్ప పెద్దగా ఏమీ లేకపోయినా, బందరు వారి హక్కు కాదనరానిది.

కొఠారి వారు ఇక్కడ దుబాసీలు. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో వర్తకస్థానం పెట్టింది మొదలు దొరలకూ ఊరి వర్తకులకూ మధ్య మాట నడిపినవారు దుబాసీలే. వ్యాపారం వెంట ఆ కుటుంబం హైదరాబాద్ రాజ్యం మీదుగా నాగపూర్ చేరింది. అక్కడే 1895 అక్టోబరు 31న కనకయ్య నాయుడు పుట్టారు.

ఆ రోజుల్లో ఆట కూడు పెట్టేది కాదు. ఇంగ్లండులో డబ్బు పుచ్చుకుని ఆడేవారు వేరు, పుచ్చుకోని అమెచ్యూర్లు వేరు. గోల్ఫ్‌లోనూ అంతే. క్రికెట్‌లో ఆ భేదం 1962 దాకా పోలేదు. ఇక్కడ అలాంటి నిబంధన లేకున్నా, ఆటగాడికి సంస్థానాధీశుడి ఆదరణే ఆధారం. 1923లో హోల్కర్ మహారాజు నాయుడును ఇండోర్‌కు పిలిపించి సైన్యంలో ఉద్యోగమిచ్చారు. కర్నల్ హోదా అలా వచ్చిందే.

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! మనవాళ్ళు టెస్టులు ఆడదగినవారేనని దొరలు ఒప్పుకోవడానికి ఆ ఆట ఎంతో తోడ్పడింది.

అయినా 1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు కెప్టెన్ పోరుబందరు మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాకుమారుడు. జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టుకు ఆ ఇద్దరూ లేకపోబట్టే నాయుడుకు నాయకత్వం దక్కింది. మనం ఓడిపోయినా, మొదటి ఇన్నింగ్స్‌లో మనవైపు అత్యధిక స్కోరు నాయుడుదే, 40 పరుగులు. ఆ పర్యటనలో ఆయన ఆట చూసి విజ్డెన్ వారు 1933 సంచికలో ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయనను చేర్చారు.

1936లో మళ్ళీ పాత కథే. విజయనగరం రాకుమారుడు విజ్జీ కెప్టెన్. తెలుగువాడి కింద తెలుగువాడు! ఆటలో మాత్రం ఇద్దరికీ పోలికే లేదు. ఓవల్‌లో తన ఆఖరు టెస్టు ఆఖరు ఇన్నింగ్స్‌లో నాయుడు 81 పరుగులు చేశారు. ఆయన ఆడిన ఏడు టెస్టుల్లో అదే గరిష్ఠం. అప్పటికి వయసు 40.

టెస్టులు ముగిసినా ఆట ముగియలేదు. హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీ నాలుగుసార్లు గెలిచింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజనులోనే రంజీలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించింది 58 ఏళ్ళ సి.కె. నాయుడే. బందరు విడిచిపోయిన కుటుంబం బిడ్డ ఆంధ్ర టోపీ పెట్టుకున్నది అప్పుడే.

1956లో పద్మభూషణ్ వచ్చింది. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడేనాటికి ఆయనకు 61 ఏళ్ళు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. గుడివాడ నుంచి గానీ దివిసీమ నుంచి గానీ ఓ కుర్రాడు ఆంధ్ర యువజట్టుకు ఎంపికైతే, ఆడేది కర్నల్ సి.కె. నాయుడు ట్రోఫీలోనే.