సగం నిజంగా సగమేనా?

నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత సగమని హైస్కూలు పిల్లలంతా చెబుతారు. ఆ మాట నిజమో కాదో చేత్తో ఎగరేసి తేల్చుకున్న మహానుభావులూ ఉన్నారు. పడిన బొమ్మల సంఖ్యను మొత్తం ఎగరేసిన సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ప్రాయోగిక సంభావ్యత.

18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన బఫన్ లెక్క 4,040కి 2,048 బొమ్మలు. తర్వాత ఇంగ్లండ్‌లో కార్ల్ పియర్సన్ 24,000 సార్లు వేస్తే 12,012 వచ్చాయి.

నన్ను కదిలించేది మాత్రం జాన్ కెరిచ్ కథ. దక్షిణాఫ్రికాలో గణితం బోధించే ఆయన 1940 ఏప్రిల్‌లో అత్తవారిని చూడ్డానికి డెన్మార్క్ వెళ్లారు. అంతలోనే జర్మన్ సేనలు వచ్చిపడ్డాయి. శత్రుదేశపు పౌరుడని ఆయన్ను నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడే తోటి బందీ సాయంతో నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి ప్రతి ఫలితమూ రాసుకున్నారు. మొదటి వందలో 44 బొమ్మలే పడ్డాయి. వెయ్యి పూర్తయ్యేసరికి 502, పదివేలకు 5,067.

ఈ అంకెలను కాస్త నిదానంగా చూడండి. వంద దగ్గర సగానికి తేడా 6, పదివేల దగ్గర 67. అంటే తేడా తగ్గలేదు, పెరిగింది! తగ్గింది శాతంలోనే: 6 నుంచి 0.67కి. వరసగా బొరుసులు పడ్డాయి కాబట్టి ఇక బొమ్మ పడి తీరుతుందని పందెం కాసేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇదే. నాణెం పాత బాకీలు తీర్చదు.

ఒకవైపు సీసం పూసిన చెక్క బిళ్లనూ కెరిచ్ వెయ్యిసార్లు వేశారు. ఒకే వైపు 679 సార్లు పడింది. అలాంటి బిళ్లకు సగం సూత్రం పనికిరాదు, వేసి చూడటమే దారి.

పాచికల్లో వెల్డన్ శ్రమ అసాధారణం. 1894 నాటికి 12 పాచికల్ని 26,306 సార్లు విసిరారు. అయిదో ఆరో పడింది 33.77 శాతం. రావలసింది 33.33. తేడా చిన్నదే, కానీ 3,15,672 ఫలితాల మీద అది యాదృచ్ఛికం కాదు. చుక్కల కోసం తవ్విన గుంటల వల్ల ఆ ముఖాలు తేలికపడ్డాయని వివరణ. పది ఇరవై సార్లు విసిరితే ఇది ఎన్నటికీ బయటపడదు.

వీటన్నిటినీ మించింది ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకుడు బార్టోష్ బృందం 2023లో ప్రకటించిన ఫలితం. మొత్తం 3,50,757 సార్లు నాణేలు ఎగరేశారు. బొమ్మా బొరుసూ సమానంగానే వచ్చాయి. అయితే ఎగరేసే ముందు పైనున్న వైపే తిరిగి పైకి వచ్చింది 50.8 శాతం సార్లు! ముఖ్యమైన నిర్ణయాలకు టాస్ వేసేటప్పుడు ఏ వైపు పైనుందో కనబడనీయవద్దని వాళ్ల సలహా.