మందు ముట్టకున్నా ఫ్యాటీ లివర్! వైరల్ జ్వరం ఎందుకు ముదిరింది? (వీడియోతో)

మాది పాత వరంగల్, ఇప్పటి జనగామ జిల్లా రఘునాథపల్లి. జీవామృతంతో పండించిన బియ్యమే తింటున్న, నాకేం రోగం వస్తదిలే అనుకున్న.

పోయిన వానాకాలం మా ఇంట్ల ముగ్గురికి డెంగీ వచ్చింది. ఇద్దరు వారంలో లేచి తిరిగిండ్రు. నేను మాత్రం ఆసుపత్రిలో పడ్డ. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ బయటపడ్డది. జ్వరం ముదరడానికి అదీ ఒక కారణం కావచ్చన్నడు డాక్టర్. "మందు ముట్టను సార్, నాకెట్ల?" అన్న. "మూడు పూటలా తెల్లన్నం, బెల్లం చాయ్, ఆ పొట్ట చాలవా?" అన్నడు.

మన భాషలో చెప్తా. యూరియా దంచిన వరి ఏపుగా ఉంటది, కానీ దోమపోటు, అగ్గితెగులు దానికే ఎక్కువ. కొవ్వు పేరుకున్న కాలేయమూ అంతే. చాలామందికి పైకి నొప్పుండదు, కొందరికి లోపల సన్నగా వాపు నడుస్తనే ఉంటది. వైరస్ వస్తే ఆ వాపు ఇంకింత పెరగొచ్చు. డెంగీ కాలేయాన్నీ దెబ్బతీస్తది. రక్తం గడ్డకట్టే ప్రొటీన్లు ఎక్కువగా తయారయ్యేది అక్కడే. కరోనాలోనూ ఫ్యాటీ లివర్‌తో పాటు ఊబకాయం, షుగర్ ఉన్నోళ్లకు జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువని పరిశోధనలు చెప్పినయి. అందరికీ ఇట్లనే అయితదని కాదు.

ఇంకో ముచ్చట. కరోనా టైంలో తిప్పతీగ తాగిన కొందరి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాసిండ్రు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఏదైనా సరే, డాక్టర్‌ను అడగకుండా కషాయాలు తాగకండి. జ్వరానికి పారాసెటమాల్ కూడా మోతాదు దాటొద్దు.

బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతయి. ఇప్పుడు రాత్రిపూట కొద్దిగా కొర్రన్నం, ఎక్కువ కూర. పొద్దున గంట నడక. నా కంచం ఎట్లుంటదో వీడియోలో చూపించిన, చూడండి. నేల పరీక్ష చేయించినట్టే కాలేయానికీ ఒకసారి పరీక్ష చేయించుకోండి.